దేవతక్క మనిషైన వారం

మా రేడియో స్టేషన్లో ఆమెను అందరం దేవతక్క అనేవాళ్ళం. అసలు ఉద్యోగం బస్టాండులో. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఎంత ఆలస్యమో మైకులో చెప్పడం ఆమె పని. టిక్కెట్ల కిటికీల పక్కనుంచి మెట్లెక్కి వెళ్తే ఒక అద్దాల గది ఉండేది. అందులో ఒక కుర్చీ, ఒక మైకు, ఒక కాలు పొట్టిగా ఉండి ఊగిసలాడే బల్ల. ముఖం ఎవరికీ తెలియకపోయినా, ఆ గదిలోంచే ఆమె గొంతు ఊరందరికీ తెలిసింది.

మా పాత డైరెక్టరు గారు ఒక వాన సాయంత్రం ఆ బస్టాండులో చిక్కుబడ్డారు. బస్సులన్నీ ఆలస్యం. జనం కిటికీల మీద పడి కేకలేస్తున్నారు. అప్పుడు మైకులో ఆమె మాట వినిపించింది. "మీ బస్సులు ఇంకా దారిలోనే ఉన్నాయి. ఎప్పుడొస్తాయో నాకూ తెలీదు. తెలిసిన వెంటనే చెప్తాను. అందాకా నేనిక్కడే ఉంటాను." అంతే. జనం అరుపులు మాని ఎక్కడివాళ్ళక్కడ పెట్టెల మీద కూలబడ్డారట. డ్యూటీ అయిపోయినా ఆమె అన్నమాట ప్రకారం ఆ కుర్చీలోంచి కదల్లేదట. "నేను బస్సెక్కడం మానేసి మెట్లెక్కాను" అని డైరెక్టరు గారు తర్వాత చాలాసార్లు చెప్పి నవ్వేవారు.

అప్పుడే మా దగ్గర వారానికోసారి వచ్చే నాటకం ఒకటి మొదలుకాబోతోంది. రాసేది మాస్టారు. బడిలో లెక్కలు చెప్పి, ఆ తర్వాత కథల్లో పడ్డ మనిషి. నాటకంలో ఒక దేవత ఉంటుంది. ఆమెకు చావు లేదు, ఆకలి లేదు, నిద్ర లేదు, ముసలితనం అసలే లేదు. ప్రతి వారం ఊళ్ళో ఒక ఇంటి తలుపు తడుతుంది. ఒక ఇంట్లో జ్వరం, ఇంకో ఇంట్లో అలక, మరో ఇంట్లో ఎవరూ పలకరించని ముసలాయన. ఆమె వరాలివ్వదు, మాయలు చెయ్యదు. పక్కన కూర్చుని, చెప్పింది విని, "భయపడకు, నేనున్నాను" అంటుంది. ఇంతోటి కథ ఎవరు వింటారని మేమంతా పెదవి విరిచాం. ఆమె గొంతుతో మొదటి వారం వచ్చాక, నాటకం వేళకు దుకాణాల్లో బేరాలు ఆగిపోయాయి.

నా పని చప్పుళ్ళు. వాన కావాలంటే జల్లెడలో గింజలు దొర్లించేవాణ్ణి, ఉరుము కావాలంటే రేకు ఊపేవాణ్ణి. ఇసుక తొట్టిలో, చెక్క మీద, కంకర మీద నడిచి పాత్రలన్నిటికీ అడుగుల చప్పుడు పుట్టించేవాణ్ణి. ముసలాళ్ళకీ పిల్లలకీ దొంగలకీ పోలీసులకీ నేనే నడిచాను. దేవతకు మాత్రం నడవలేదు. బరువు లేనిదానికి చప్పుడెక్కడిదని పాత డైరెక్టరు గారు పెట్టిన నియమం అది.

ఆమె ఇల్లు తాళాల దుకాణం పైన రెండు గదులు. కింద దుకాణంలో ఆమె భర్త తాళంచెవులు అరగదీస్తూ ఉండేవాడు. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి కాబట్టి ఆయన నాకు బావయ్యాడు. ఊళ్ళో సగం తలుపులు ఆయన చేతిమీదుగా తెరుచుకునేవే గానీ, ఆయన నోరు తెరుచుకోవడం మాత్రం గగనం. ఆ లోటంతా ఆయన తల్లి తీర్చేది. ఆస్పత్రిలో దుప్పట్లుతికే చోట వయసంతా ఖర్చుచేసిన మనిషి. చేతులు చెక్కలా గట్టిపడ్డాయి, మాట అంతకన్నా గట్టిది. మేం పెద్దమ్మా అనేవాళ్ళం. వారం వారం కోడలి నాటకం ఒక్క మాట పోనివ్వకుండా వినేది, అయిపోగానే తప్పులు పట్టేది.

"మీ దేవత వచ్చిందగ్గర్నుంచీ ఒక్క గ్లాసు మంచినీళ్ళయినా తాగిందా?" అని నన్ను నిలదీసింది ఒకసారి. "దప్పిక తెలీనిది ఇంకోళ్ళ దప్పిక గురించి ఏం మాట్లాడుతుంది, నా మొహం."

"దేవత కదా పెద్దమ్మా."

"అయితే ఆకాశంలో ఉండమను. కొంపల మీదికి రావడం ఎందుకు?"

దేవతక్క వంటగదిలోంచి నవ్వింది. అత్తగారి మాటలకు ఆమె ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి అనేవాళ్ళకన్నా ఈవిడ నయం కదా అనేది.

ఇరవై ఏళ్ళు దాటాయి అలా. పొద్దున బస్టాండు, వారంలో ఒక మధ్యాహ్నం స్టేషను. ఒక చలికాలం ఆమె గొంతు జీరబోయింది. జలుబేమో అనుకున్నాం. జలుబు తగ్గింది, జీర తగ్గలేదు. వాక్యం చివర గొంతు పట్టు తప్పి, మాట గాలిలా పోయేది. డాక్టరు చూసి గొంతులో చిన్న కాయ ఉందన్నాడు. ఆపరేషను చేసి తీసేశారు. అదృష్టంకొద్దీ చెడ్డ కాయ కాదు. కొన్ని వారాలు మాట్లాడకూడదు, గుసగుస కూడా పనికిరాదు అన్నారు. తర్వాత గొంతు వస్తుందిగానీ పాతగొంతు రాదని కూడా చెప్పారు.

అప్పటికి స్టేషన్లో కొత్త డైరెక్టరు ఉంది. వయసులో చిన్నది, మనసులేనిది మాత్రం కాదు. పాత భాగాలు మళ్ళీ వేయిస్తూ కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. చివరికి మాస్టారినీ నన్నూ కూర్చోబెట్టి చెప్పింది.

"దేవతకు వయసు రాదు కదా మాస్టారూ. నిన్న గంటలా మోగిన గొంతు రేపు బొంగురుగా వస్తే వినేవాళ్ళు ఏమనుకుంటారు? వాతావరణం చదివే అమ్మాయి గొంతు బాగుంటుంది. ఒకసారి వినండి."

మాస్టారు ముఖం తిప్పుకున్నాడు. ఆ అమ్మాయి గొంతు పరీక్షించే రోజున దేవతక్క పిలవకుండానే వచ్చింది. మెడచుట్టూ శాలువా, నోట మాట లేదు. అద్దానికివతల నా పక్కన కూర్చుని విన్నది. అమ్మాయి వణుకుతోంది, మాటలు తడబడుతున్నాయి. దేవతక్క లేచి లోపలికి వెళ్ళింది. మైకును బెత్తెడు వెనక్కి జరిపింది. అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూపించింది. ఆ తర్వాత అమ్మాయి చాలా బాగా చదివింది. దేవతక్క నావైపు తిరిగి, బాగుంది కదా అన్నట్టు తలూపింది. తన కుర్చీని తన చేత్తోనే ఇంకొకరికి జరిపే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మాస్టారు మాత్రం మొండికేశాడు. "రాసేటప్పుడు నా చెవిలో మాట్లాడేది ఆమే. ఆ గొంతుకు వయసొస్తే దేవతకూ వయసొస్తుంది. దేవతను మనిషిని చేసేస్తాను."

"ఎందుకవుతుంది?" అంది డైరెక్టరు. "చావులేని దేవత కోరి కోరి చావు తెచ్చుకుంటుందా? వినేవాళ్ళు నమ్మే కారణం తీసుకురండి. తెస్తే నేను అడ్డుచెప్పను."

ఆ ప్రశ్నతో మాస్టారి తలప్రాణం తోకకొచ్చింది. స్టేషను వెనక టీకొట్టు బెంచీ మీద రోజూ ఒక కారణం తెచ్చి నా ముందు పెట్టేవాడు. మర్నాటికి తనే దాన్ని కొట్టేసేవాడు.

మొదట శాపం అన్నాడు. "శాపమైతే ఆమె కోరుకున్నట్టెలా అవుతుంది?" అని తనే పెదవి విరిచాడు. తర్వాత ఒక మనిషి మీద ప్రేమ అన్నాడు. పాత దారే కానీ నడవని దారి కాదని నేనన్నాను. ఆయన టీ చల్లారిపోయేదాకా ఆలోచించాడు. "ఇన్నేళ్ళూ ఇంటింటికీ తిరిగింది ప్రేమ లేకనా? ఒక్క మగాణ్ణి చూపించి వాడికోసం అంటే, తక్కినవాళ్ళందరి దగ్గరా ఊరికే కూర్చున్నట్టవుతుంది."

ఇంకో రోజు విసుగు అన్నాడు. వేల ఏళ్ళు బతికి బతికి మొహం మొత్తిందని. ఇది బాగుందనే నాకనిపించింది. ఆయనే తల అడ్డంగా ఊపాడు. "మన నాటకం ఆస్పత్రి వార్డుల్లో పెడతారయ్యా. ఇంకొక్క ఏడాది బతికితే చాలని మంచం పట్టుకుని వేలాడేవాళ్ళు వింటారు. వాళ్ళకు, బతుకు విసుగొచ్చిందని చెప్పనా?"

అలా కారణాలన్నీ అయిపోయాక, ఒక మధ్యాహ్నం ఇద్దరం దేవతక్కను చూడటానికి వెళ్ళాం.

ఆ ఇంట్లో అప్పటికి ఇంకో కష్టం వచ్చిపడింది. స్నానాలగదిలో జారిపడి పెద్దమ్మ తుంటి విరిగింది. కిటికీ పక్కన మంచం. మంచం మీద మాట్లాడగలిగి లేవలేని అత్తగారు, మంచం పక్కన స్టూలు మీద నడవగలిగి మాట్లాడలేని కోడలు. బస్టాండుకు సెలవు పెట్టి, పగలంతా దేవతక్క అక్కడే ఉంటోంది. పెద్దమ్మకు చదువు రాదు, కాబట్టి పలక మీద రాసి చూపించే దారి కూడా లేదు. అంతా సైగలే. మేం వెళ్ళేసరికి దేవతక్క అరచేత్తో గాలిలో ఏదో తిప్పుతోంది.

"ఏంటది, దుప్పటి మార్చాలా? మార్చావుగా పొద్దున. ఓ, తల దువ్వుతానంటావా? అట్లా చెప్పు మరి" అంటోంది పెద్దమ్మ. మమ్మల్ని చూసి, "రండి నాయనా. దీనికి నోరు పోయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో నాకు ఎదురు లేకుండా పోయింది" అంది.

మాస్టారు మెల్లగా విషయం చెప్పాడు. దేవతను మనిషిని చెయ్యాలనుకుంటున్నామనీ, అందుకు కారణం దొరకట్లేదనీ. దేవతక్క వెంటనే చెయ్యి ఊపింది, వద్దని. వేళ్ళు వాన జల్లులా కిందికి ఆడించి వాతావరణం అమ్మాయిని గుర్తుచేసింది. ఆమె పొట్ట కొట్టడం తనకిష్టం లేదని మాకర్థమైంది.

"ఆ అమ్మాయికి వేరే పాత్ర రాస్తానమ్మా, నాదీ పూచీ" అన్నాడు మాస్టారు. తర్వాత మంచంవైపు తిరిగాడు. "మీరు చెప్పండి పెద్దమ్మా. దేవత మనిషిగా ఎందుకు మారుతుంది?"

"మారదు. మతి ఉంటే మారదు" అంది పెద్దమ్మ ఠక్కున.

కోడలు తల దువ్వుతోంది. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాం.

"ఒకటి చెప్తా విను" అంది మళ్ళీ, కళ్ళు తెరవకుండానే. "మీ దేవత వచ్చి ఒక పూట నా దగ్గర కూర్చుందనుకో. దానిదేం పోయింది? ఇట్లాంటి పూటలు దానికి లెక్కలేనన్ని. సముద్రంలోంచి చెంబెడు నీళ్ళు ముంచిచ్చినట్టు. ఇదుందే, నా కోడలు. దీనికీ యాభై దాటాయి. గొంతు కోయించుకుని వచ్చింది. ఉన్న నాలుగు రోజులూ హాయిగా పడుకోకుండా నా దగ్గర కూర్చుని నా చిక్కులు తీస్తోంది. ఈ పూట దీనికి మళ్ళీ రాదు. తెలిసే ఇస్తోంది కదా. నేను దీన్ని తిట్టని రోజుందా? అయినా ఇస్తోంది."

దువ్వెన ఆగిపోయింది.

"ఆగావేం, కానీ" అంది పెద్దమ్మ. "మీ దేవతకు నిజంగా మనుషులంటే ఇష్టముంటే, ఇట్లా ఇవ్వాలని దానికీ ఉంటుందేమో. నాకేం తెలుసు. నేను దేవతనా?"

దేవతక్క ఏడవలేదు, దండం పెట్టలేదు. వంగి, అత్తగారి నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి తోసి, జడ అల్లడం మొదలుపెట్టింది. ఇద్దరం మెట్లు దిగాం. కింద బావ తలెత్తి, "మా అమ్మ ఏమైనా అందా?" అన్నాడు భయంగా. "అంది" అన్నాడు మాస్టారు. "జన్మలో ఎవరూ అననిది అంది."

ఆ భాగం ఆయన రాసిన తీరు ఇప్పటికీ నాకు గుర్తుంది. కథలో దేవత, మంచం పట్టిన ఒక ముసలమ్మ దగ్గరికి వెళ్ళి "భయపడకు, నేనున్నాను" అంటుంది. "నువ్వుండక ఎక్కడికి పోతావు?" అంటుంది ముసలమ్మ. ఆ మాట దేవతకు ముల్లులా గుచ్చుకుంటుంది. దేవతలుండే కొండమీదికి తిరిగి వెళ్ళిపోతుంది. తక్కిన దేవతలు అడుగుతారు, ఏం కావాలని. అయిపోయే రోజులు కావాలంటుంది. ఎన్ని అని అడిగితే, ఎన్నో నాకు చెప్పొద్దంటుంది. "నా దగ్గరున్నదంతా తరగనిదే. తరగనిదాన్ని ఎంతిచ్చినా ఇచ్చినట్టు కాదు. ఆ ముసలమ్మకు నేను ఒక్క సాయంత్రమైనా నిజంగా ఇవ్వాలి." డైరెక్టరు కాగితాలు చివరిదాకా చదివి, పెన్ను బల్లమీద పెట్టేసింది. "రికార్డింగు ఎప్పుడు పెట్టమంటారు?" అంది.

డాక్టరు మాట్లాడొచ్చన్నాక దేవతక్క స్టూడియోకు వచ్చింది. కొత్తగొంతు ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు. "ఏమయ్యా, బాగున్నావా?" అంది నన్ను చూసి. ఎండుటాకుల మీద నడిచినట్టుంది ఆ గొంతు. నేను తల దించుకుని ఇసుక తొట్టి సర్దుకున్నాను. ఆరోజు దేవతకు మొదటిసారి అడుగుల చప్పుడు కావాలి. దానికోసం వారం రోజులుగా చెప్పులు మార్చి మార్చి చూసుకున్నాను, ఏదీ కుదరలేదు. బరువుగా నడిస్తే అలవాటున్న మనిషిలా ఉంది, తేలికగా నడిస్తే పిల్లలా ఉంది.

ఆమె తొట్టివైపు చూసింది. "జరుగు. నా నడక నేనే నడుస్తా" అంది.

చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, తొట్టిలో దిగింది. నేను మైకును కిందికి వంచి పట్టుకున్నాను. మోకాలి నొప్పి వల్ల ఎడమకాలు కొద్దిగా ఈడుస్తుంది ఆమె. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చుకుంటూ. నాలుగడుగులు వేసి ఆగింది. ఆయాసం వచ్చింది. కాగితంలో ఆయాసం లేదు. "అబ్బ, బరువుగా ఉందే" అంది. ఆ మాట కూడా కాగితంలో లేదు. తర్వాత మంచం దగ్గరికి వెళ్ళినట్టు కుర్చీ దగ్గరికి వెళ్ళి, ఆ కొత్తగొంతుతో, "భయపడకు" అని, కాసేపు ఆగి, "నాక్కూడా భయంగానే ఉంది. అయినా కూర్చుంటా" అంది. ఇది మాత్రం మాస్టారు రాసిందే. అద్దానికవతల డైరెక్టరు కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ తీద్దామా అని ఎవరూ అడగలేదు.

ప్రసారమైన రోజు పెద్దమ్మ రేడియో తలగడ పక్కన పెట్టించుకుంది. నేనూ అక్కడే ఉన్నాను, ఏమంటుందో అని. అయిపోయాక, ఎప్పటిలా ఒక తప్పు పడుతుందనుకున్నాం.

"దానికి ఇప్పుడు ఆకలేస్తుందా?" అంది.

"వేస్తుంది పెద్దమ్మా."

"అయితే పైవారం ఏమైనా తినిపించండి పాపం, కొండ దిగి వచ్చింది" అంది.

మాస్టారు ఆమె మాట కాదనలేదు. ఆ తర్వాత వచ్చిన వారాలు నాటకంలో అన్నిటికన్నా సరదా వారాలు. దేవత ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకుంది. ఆ ఇంటివాళ్ళమ్మాయిగా వాతావరణం అమ్మాయి నటించింది. పొయ్యి వెలిగించడం, పంటినొప్పికి ఏడవడం, క్యూలో నిలబడి తోసుకోవడం, అన్నీ ఆ అమ్మాయే దేవతకు నేర్పింది. జలుబు చేసిన దేవత "ఇది పోయేదేనా, ఇంక ఇంతేనా?" అని అడిగితే ఊరు ఊరంతా నవ్వింది. కొందరు శ్రోతలు ఫోను చేసి కోప్పడ్డారు కూడా, దేవతను ఇంత కిందికి దించుతారా అని. ఆస్పత్రి వార్డు నుంచి ఒక నర్సు ఫోను చేసి, ఆరోజు పేషెంట్లెవరూ రేడియో కట్టెయ్యనివ్వలేదని చెప్పి పెట్టేసింది.

పెద్దమ్మ ఆ ఏడు దాటలేదు. పోయేముందు కోడలికి చెప్పిన ఆఖరి మాట, పప్పులడబ్బా మూత సరిగ్గా పెట్టమనేనట. ఆ సంగతి చెప్పి దేవతక్క ఒకేసారి నవ్వింది, ఏడ్చింది. ఆ వారం రికార్డింగు వద్దన్నాం. వచ్చింది. ఇంట్లో కూర్చుంటే ఆ మంచంవైపే చూపు పోతోందంది.

నాటకం ఇంకో రెండేళ్ళు నడిచింది. ముగింపు దగ్గర మాస్టారూ దేవతక్కా పోట్లాడుకున్నారు. దేవతకు గొప్ప చావు రాయాలని ఆయన, అసలు చావు వినిపించొద్దని ఆమె. "చచ్చిపోతుందని అందరికీ తెలుసు కదా మాస్టారూ. మళ్ళీ చూపించడమెందుకు? బతికున్న రోజు చూపించండి" అంది. ఆఖరి భాగంలో దేవత పక్కింటి పిల్లకు పరీక్ష ఉందని పొద్దున్నే లేపడానికి వెళ్తుంది. పిల్ల లేవదు. ఎంతకీ లేవదు. దేవత బతిమాలుతూ ఉండగానే నాటకం అయిపోతుంది.

ఇప్పుడు బస్టాండులో యంత్రం మాట్లాడుతోంది. దేవతక్క గొంతు ఇంకా సన్నబడింది, దగ్గరికి వెళ్తే తప్ప వినపడదు. బావకేమో ఆకురాయి గీకుళ్ళకు చెవులు మందగించాయి. ఆమె అన్నది ఆయనకు వినపడదు, ఆయన అరిచేది వీధంతటికీ వినపడుతుంది. "ఇన్నాళ్ళకు మీ బావకు మాటలొచ్చాయి" అని ఆమె మురిసిపోతుంది.

మొన్న వెళ్ళినప్పుడు అడిగాను, ఎప్పుడైనా అనిపించిందా అక్కా, దేవతను దేవతగానే ఉంచేస్తే బాగుండేదని.

ఆమె డాబా మీద బట్టలు ఆరేస్తోంది. తడి దుప్పటి ఒక కొస నా చేతికిచ్చింది.

"గట్టిగా పిండు" అంది. "అట్లా కాదు, అవతలివైపు తిప్పు. మబ్బు పడుతోంది చూడు, ఇది ఆరేలోపలే వానొచ్చేట్టుంది. అయినా ఆరేద్దాం."